తాకడానికి వీల్లేని తెర

ముందుగా తేదీలు, నా డైరీలో ఉన్న వరుసలోనే రాస్తున్నాను.

2024 జనవరి 18: అల్లూరు ప్రాంతపు రొయ్యల రైతు మాలకొండయ్య గారు తొమ్మిదేళ్లుగా నా దగ్గరే కంట్రోల్ ప్యానెళ్లు చేయించుకుని, ఈసారి పనిని సుధాకర్‌కు అప్పగించారు. సుధాకర్ వైరింగ్ నేర్చుకున్నది నా షెడ్డులో.

ఫిబ్రవరి 2: ఆ ప్యానెల్ తెర మీద అమ్మవారు కనిపిస్తున్నారని నా పాత ఖాతాదారులందరూ చూసి వచ్చారు. నన్ను ఒక్కరూ రమ్మనలేదు.

జూలై 9: రైతుల సంఘం అన్ని రొయ్యల గుంటలకూ ‘సుధాకర్ రూపొందించిన తెర’ పెట్టాలని తీర్మానించింది. అందులో సగం పని నాది. నా పేరు లేదు.

ఈ వృత్తి తెలియనివారి కోసం కొంత వివరణ. గుంటలో నీటిని చిలికి రొయ్యలకు గాలి అందించే యంత్రాలు ఏరేటర్లు. వాటిని నడిపేది కంట్రోల్ ప్యానెల్. దాని ముఖాన టచ్ స్క్రీన్ ఉంటుంది. కరెంటు రాగానే దాని మీద మొదట కనిపించే బొమ్మ స్టార్టప్ స్క్రీన్. సరిగ్గా తెర కొలతకు బొమ్మ తయారుచేసి లోపలికి ఎక్కిస్తాం. నా ప్యానెళ్లలో బూడిదరంగు మీద ప్యానెల్ నంబరు, వైరింగ్ తేదీ మాత్రమే ఉంటాయి. సుధాకర్ మాలకొండయ్య గారి ఇంటి అమ్మవారిని తెర నిండా నిలిపాడు. బొమ్మను తాకితేనే ఏరేటర్ల పేజీ తెరుచుకుంటుంది.

ఏప్రిల్‌లో ఒక మబ్బు పట్టిన ఉదయం మాలకొండయ్య గారు నెల్లూరు నుంచి ఫోను చేశారు. “కరెంటొచ్చి గంటయిందంట. ఏరేటర్లు తిరగలా. నువ్వు దగ్గర్లో ఉండావు, కాస్త చూడన్నా” అన్నారు. సుధాకర్ ఫోను ఎత్తడం లేదట. అందుకే నేను గుర్తుకొచ్చాను.

వెళ్లేసరికి రొయ్యలు పైకి తేలి గట్టు వారన మూగుతున్నాయి. కాపలా చూసే పోలయ్య ప్యానెల్ ముందు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“నొక్కలేదేం?”

“అమ్మోరి మొకం మీద వేలు పెట్టి ఎట్టా పొడిచేది సార్? పొద్దున ఎండుచేపలు తిన్నా. చేతులకి మేత కంపు. రోజూ అయ్యే నొక్కేవాడు. ఇయ్యాల ఫోన్లో నన్ను నొక్కరా అన్నాడు. మీరే వచ్చి నొక్కండయ్యా అన్నా.”

నేను నొక్కాను. ఏరేటర్లు తిరిగాయి. అప్పటికే చచ్చిన రొయ్యలను పోలయ్య బుట్టలకెత్తాడు.

సాయంత్రం సుధాకర్ దొరికాడు. “తాకితే పోద్ది గదా మాస్టారూ, దీంట్లో తప్పేముంది?” అన్నాడు.

“తాకేవాడెవడో కనుక్కున్నావా?”

“మాలకొండయ్య గారే నొక్కుతారనుకున్నా” అన్నాడు. ఆ మాట నాకు సంతోషం కలిగించిందని దాచను.

మర్నాడు మాలకొండయ్య గారి అనుమతితో ప్రోగ్రాము తెరిచాను. బొమ్మను పెద్దది చేసి అంగుళం అంగుళం పరీక్షించాను. ముక్కుపుడక మీది మెరుపు కూడా చెదరలేదు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. తీసేయబోయాను.

“అమ్మని తీసేస్తారా సార్?” అన్నాడు వెనక నుంచి పోలయ్య.

“నా తెర బాగాలేదా?”

“మీది కరెంటాఫీసు మాదిరి ఉంటది. ఇదైతే పొద్దున్నే దణ్ణం పెట్టుకోవచ్చు.”

తీయలేదు. బొమ్మ అయిదు సెకన్లలో దానంతట అదే తప్పుకునేలా, ఎవరి వేలూ అక్కర్లేకుండా కరెంటు రాగానే ఏరేటర్లు ఒకదాని వెంట ఒకటి మొదలయ్యేలా మార్చాను. ఆ తరువాత ఆ గుంట మీద ఏరేటర్లు ఆగలేదు. చూడవచ్చినవారు మాత్రం అమ్మవారిని చూసి సుధాకర్‌ను మెచ్చుకున్నారు. నేను చేసినది కంటికి కనిపించేది కాదు.

ఈ కేసు నేర్పింది ఇది: ప్యానెల్ చేయించేవారు ఒకరు, తాకేవారు మరొకరు. తాకే మనిషిని ముందుగా అడగాలి. ఇది సుధాకర్‌కు తోచలేదు. ముప్పై ఏళ్లుగా బూడిదరంగు తెరలు పెట్టిన నాకూ తోచలేదు.

అయినా సంఘం కార్యదర్శి గారిని అడుగుతున్నాను. బొమ్మ సుధాకర్‌ది. దాన్ని తాకకుండానే ఏరేటర్లు తిరిగే ఏర్పాటు నాది. ఈ రెండు వాక్యాలూ తీర్మానంలో చేరుస్తారా, లేదా? చేర్చకపోతే కారణమేమిటి? పదిహేను రోజుల లోపు సంతకంతో, లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. ఫోనులో చెప్పే మాటను జవాబుగా స్వీకరించను.