గేటు బయట బోనం

ఏ మాట ఎక్కడ పుట్టిందో చెప్పమంటే జోగారావు మాస్టారికి అన్నం నీళ్లు అక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో తెలుగు చెప్పేవాడు. "దేవుడంటే వెలిగేవాడు. మన అచ్చ తెలుగు మాట వేల్పు. వేల్చడమంటే అగ్నిలో ఆహుతి ఇవ్వడం. ఎవరికి పెడతామో వారు వేల్పు" అంటుంటే పిల్లలు చకచకా రాసుకునేవారు.

అలాంటి మనిషికి 2011లో కుదురు లేకుండా పోయింది. తెలంగాణ ఉద్యమం ఊపు మీదుంది, బంద్ మీద బంద్. తననెవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా వీధిలో నలుగురు గట్టిగా మాట్లాడితే చాలు, గుంటూరు నుంచి వచ్చినవాడినని గుండె దడదడలాడేది. మన్సూరాబాద్‌లో ముచ్చటపడి కట్టుకున్న ఇల్లు అమ్మకానికి పెట్టాడు. భార్య లలితకుమారి విజయవాడలో ఇల్లు చూడటానికి వెళ్లింది.

ఆ ఇంటి ఆవరణలో, నీళ్ల సంపు పక్కన, పసుపు పూసిన రాయి ఒకటుంది. పోచమ్మ. ఇక్కడ పొలాలున్న రోజుల్లో నల్గొండ పల్లె నుంచి కూలికి వచ్చిన ఒకామె, పక్క బస్తీ ఈరమ్మ అత్తగారు, నిలిపిన తల్లి. స్థలం కొన్నప్పుడు ఆ రాయి తియ్యనని మాటిచ్చాడు మాస్టారు. ఏటా ఆషాఢంలో బోనాలకు ఈరమ్మ తల్లికి పెట్టే అన్నం కుండ నెత్తిన పెట్టుకుని వస్తుంది, లలితకుమారి ఆమె కాళ్ల మీద నీళ్లు పోసి లోపలికి పిలుస్తుంది. ఇప్పుడు ఇల్లు కొనే పెద్దమనిషి రాయి అడ్డమన్నాడు. అక్కడ కారు పెట్టుకుంటాడట. ఆ సంగతి ఈరమ్మకు చెప్పే ధైర్యం మాస్టారికి లేకపోయింది.

ఆ ఆదివారం డప్పుల మోత, వెనకే జై తెలంగాణ కేకలు వీధిలోకి వచ్చేశాయి. తన కోసమే వస్తున్నారనుకున్నాడు. పరుగున వెళ్లి గేటుకు తాళం వేసి, ఇంట్లో దూరి, కిటికీ సందులోంచి చూశాడు. గేటు బయట ఈరమ్మ. నెత్తిన బోనం, బోనం మీద దీపం. ఆషాఢమని గుర్తులేని తెలుగు మాస్టారు ఈయనొక్కడే అయ్యుంటాడు.

"సారూ, గేటు తియ్యుండ్రి."

"తాళంచెవి కనపడట్లేదమ్మా. కాసేపు దించుకో."

"మధ్యల దించొద్దు సారూ. తల్లి ముంగట్నే దించాలె."

మాస్టారు టేబుల్ మీదా మంచం కిందా వెతికాడు. బయట ఈరమ్మ మెడ నరాలు బిగుసుకుంటున్నాయి. ఎవరికి పెడతామో వారు వేల్పని ఇన్నేళ్లు చెప్పి, పెట్టడానికి వచ్చిన మనిషిని ఎండలో నిలబెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. చివరికి తాళంచెవి తన రొండినే దొరికింది. గేటు తీసి, బిందెతో నీళ్లు తెచ్చి, భార్య చేసే పని తనే చేశాడు.

బోనం దించి, దండం పెట్టుకుని, ఈరమ్మ మెల్లగా అడిగింది.

"ఇల్లు అమ్ముతున్నరంట గదా. కొన్నోళ్లు తల్లిని ఉంచుతరా సారూ?"



సాయంత్రం భార్యకు ఫోన్ చేశాడు. "అక్కడ ఇల్లు చూడొద్దు, వచ్చేయ్."

"గొడవలు తగ్గాయా ఏంటండీ?"

"తగ్గలేదు. నా భయమూ తగ్గలేదు. వచ్చే ఏడు ఈరమ్మకి గేటు తియ్యాలి కదా."