తువ్వాల అంచు

కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే బస్సులో పక్క సీటాయన ఉన్నట్టుండి నా భుజం మీది తువ్వాల అంచు పట్టుకుని, రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు.

“కాటన్ అని అమ్మిండ్రా నీకు? సగం పాలిస్టరే గిది,” అన్నాడు.

నాకు చిర్రెత్తింది. కిటికీ దగ్గర కూర్చున్న ఆయన భార్య మాత్రం పకపకా నవ్వింది.

“ఏమనుకోకు అన్నా. భీవండిల సాంచెల మీద బట్ట నేసేటోడు. గక్కడనే మనసు చెదిరింది. చెవుల ఎవలో మాట్లాడుతున్నరనుకుంట ఇంటికచ్చిండు. ఏ గోలి పనిచేస్తదో ముందుగాల చెప్పలేమన్నడు డాక్టరు. రెండు మార్చినా ఫరక్ లేదు. మూడోది మొదలువెట్టిన నెలకు ఈయన డాక్టరు అంగీనే పట్టుకొని, నేత పలుచగున్నదన్నడు. గప్పుడు నాకు పానం లేచచ్చింది.”

అప్పటిదాకా ఎవరికీ చెప్పని మా తమ్ముడి సంగతి ఆమెకు చెప్పాను. దుబాయిలో తాపీ మేస్త్రీగా చేసి, అదే జబ్బుతో తిరిగొచ్చాడు. మందులు వాడుతున్నా ఉలుకూ పలుకూ లేదు.

“మందు ఆపకుండ్రి. చేతి పని యాదికత్తదేమో సూస్తుండున్రి,” అందామె.

డాక్టరు తమ్ముడికీ మందు మార్చాడు. కొన్నాళ్లకు ఒక పొద్దున, నేను కొత్తగా కట్టించిన పెరటి గోడ ముందు వాడు ఒక కన్ను మూసి నిలబడ్డాడు.

“ఎవలు గట్టిండ్రే అన్నా గిది? వంకరున్నది!”

కూలగొట్టి మళ్లీ కడతానని ఇప్పటికీ పోరు పెడుతుంటాడు. ఆ గోడ మీద చెయ్యి వెయ్యనివ్వను.