సముద్రానికి వరదొచ్చిన రోజు

నాందేడు చరిత్రలో రామచందర్ ఉదయపు నడకకు ఇంతవరకు తగిన స్థానం దొరకలేదు. నిజాం పోయాడు, జిల్లా ఒక రాష్ట్రం నుంచి తెగి ఇంకో రాష్ట్రానికి అతుక్కుంది. ఇవన్నీ బడి పుస్తకాల్లోకి ఎక్కాయి. కానీ తెల్లవారగానే గాడీపురా సందులోంచి ఒక మనిషి భుజాన తువ్వాలతో, నోట్లో వేపపుల్లతో గోదావరి ఒడ్డుకు వెళ్లి, అక్కడి రాతి నందిని తేరిపార చూసి వెనక్కి వచ్చేవాడన్న సంగతి ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ నందికి ఒక చెవి లేదు, మూతి అరిగిపోయింది. మిగతా ఊరికి అది దేవుడి వాహనం, రామచందర్‌కు కొలబద్ద. నీళ్లు గిట్టల కింద ఉంటే క్షేమం. మోకాళ్లకొస్తే మెలకువగా ఉండాలి. మెడకొస్తే మూట కట్టాలి. చూసి వచ్చి, రాజన్న చాయ్ హోటల్ ముందు నిలబడి ఆనాటి సమాచారం ప్రకటించేవాడు. ఎండాకాలంలో, నది నడిమధ్యన ఇసుకలో పుచ్చతీగలు పారుతున్న రోజుల్లో కూడా ఈ ప్రకటన ఆగలేదు.

"గిట్టలకు తడి గుడ తగల్లే," అనేవాడు.

"రామచందర్ సేఠ్, నదిల దుమ్ము లేస్తున్నది. నీళ్లెక్కడియే?" అనేవాడు రాజన్న.

"పైన ఏడ కురిసిందో నీకెర్కనా?" అని రామచందర్ గంభీరంగా చాయ్ ఊదుకునేవాడు. తర్వాత వజీరాబాద్ పేటలోని బట్టల దుకాణానికి వెళ్లి, పొద్దుగూకేదాకా ఇతరుల గుడ్డ కొలిచేవాడు.

ఈ అలవాటుకు కారణం ఉంది. కారణం పేరు జనాబాయి. రామచందర్‌కు అక్క. చిన్నతనంలోనే భర్త పోతే తమ్ముడి పక్క గదిలో ఉంటూ, కుట్టుమిషను మీద జాకెట్లూ లంగాలూ కుట్టి బతికేది. ఒక ఏడు గోదావరి బాగా పొంగింది. "నంది మూతి దాటదక్కా, నిమ్మళంగ పండు," అని రామచందర్ భరోసా ఇచ్చాడు. నది ఆ భరోసాను లెక్కచేయలేదు. మనుషులందరూ పక్కవాళ్ల మిద్దె మీదికి చేరారు, మిషను చేరలేదు. నీళ్లు తీశాక దాన్ని బురదలోంచి లాగి, నూనె పోసి, బాగు చేయించారు. నడిచింది. కానీ కిర్రుమనడం మాత్రం మానలేదు.

జనాబాయి తమ్ముణ్ని ఒక్క మాట అనలేదు. మిషనే అనేది. రామచందర్ గుమ్మం తొక్కగానే ఆమె కాలు కొంచెం గట్టిగా పడేది, కిర్రుమనే మోత ఇంటినిండా వినిపించేది. అప్పటినుంచి ఆమె అతణ్ని ఏ సంగతీ అడగలేదు. వాన వస్తుందో రాదో తెలియాలంటే, తమ్ముడు పక్కనే నిలబడి ఉండగా, ఎదురింటి శివవ్వను కేకేసి అడిగేది. రామచందర్ మర్నాటి ఉదయం ఇంకాస్త ముందు లేచి నంది దగ్గరికి వెళ్లేవాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు చలికాలంలో ఈ కుటుంబం సముద్రం చూడటానికి బయలుదేరింది. రామచందర్ కూతురు మంగళను ఆ ఏడే భివండిలో మరమగ్గాలు నడిపే నాగనాథ్‌కు ఇచ్చారు. కొత్తల్లుడు అత్తమామలను, వాళ్లతోపాటు జనాబాయిని కూడా పిలిచాడు. కరెంటు కోతతో మగ్గాలు బంద్ ఉన్న రోజు చూసి, బస్సు ఎక్కించి, ఒక కోలీ జాలర్ల ఊరికి తీసుకుపోయి, అక్కడ పడవ మాట్లాడాడు.

"పదిమందితోని కూసునేది కాదు మామా, మనకు ఒక్కలకే," అన్నాడు గర్వంగా. "ఒడ్డు పొంటి పోతే పాత గుళ్లు, గోడలు కనవడ్తయి. ఆఖరుకు నీళ్ల నడుమ కోట. సూసుకొని అద్దాం."

రామచందర్‌కు పడవ కన్నా ముందు నీళ్లు అనుమానంగా కనిపించాయి. నదికి ఎగువ ఉంటుంది, దిగువ ఉంటుంది. ఎటునుంచి ఆపద వస్తుందో మనిషి అటు చూస్తూ కూర్చోవచ్చు. ఇక్కడ ఎటు చూడాలో తెలియలేదు. పడవ కదిలాక, చుక్కాని దగ్గర కూర్చున్న పడవతన్ని మరాఠీలో అడిగాడు, పైన డ్యామేదన్నా ఉందా అని. ఆ మనిషి పైకి చూశాడు.

"పైన ఆకాశం ఉంది," అని మరాఠీలోనే చెప్పి, పొగాకు నలుపుకున్నాడు.

పడవ ఒడ్డు వెంట సాగింది. పైకప్పు లేని గుడి ఒకటి వచ్చింది. దాని స్తంభాలు మోకాలి లోతు నీళ్లలో వరసగా నిలబడి ఉన్నాయి, ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు. తర్వాత రాతి రేవు, సగం విరిగి నీళ్లలోకి ఒరిగింది. తర్వాత కిటికీలు మాత్రమే మిగిలిన పెద్ద గోడ.

"గిది మస్తు పాతది మామా," అన్నాడు నాగనాథ్.

"ఎంత పాతది?"

"మస్తు."

పరిశోధన అక్కడితో ముగిసింది. జనాబాయి మాత్రం కొంగు తల మీదికి లాక్కుని ఆ శిథిలాలను చాలాసేపు చూసింది.

"గింత మంచి రాతి ఇండ్లు గిట్లెట్ల కూలినయి?" అంది పక్కన కూర్చున్న మరదలు వత్సలతో. "వరదనే అచ్చుంటది. అప్పుడు గుడ ఎవలో ఒకలు ఏం గాదని చెప్పుంటరు."

రామచందర్ భార్య వత్సల నీళ్లలోకి చూసింది. రామచందర్ ఎటూ చూడలేదు. రాజులు, వర్తకులు, పూజారులు అందరూ ఉండి, ఒడ్డున నిలబడి కనిపెట్టే మనిషి ఒక్కడు లేకపోవడం వల్ల ఈ ఊరంతా ఇట్లా అయిందని అతనికి స్పష్టంగా బోధపడింది. పడవ పక్క చెక్కను రెండు చేతులా పట్టుకున్నాడు. అతనికి ఈత రాదు. పడవలో ఉన్న అతని మనుషుల్లో ఎవరికీ రాదు.

కోట చిన్న రాతి దిబ్బ మీద ఉంది. పడవ ఆగిన మెట్లకు కొంచెం పైన ద్వారం, ద్వారం పక్కన, గడప కన్నా కిందుగా, గోడలో చెక్కిన ఏనుగు. పడవతను అందర్నీ దింపి, నీళ్లు నిండగానే పిలుస్తాను, వెంటనే రావాలి, ఆలస్యమైతే పడవ కదలదు అని చెప్పి, గోనె మీద నడుం వాల్చాడు. నాగనాథ్ తలూపాడు. రామచందర్ వినలేదు, ఏనుగును చూస్తున్నాడు. దాని పాదాలు పొడిగా ఉన్నాయి. ఆ సంగతి మనసులో గుర్తు పెట్టుకున్నాడు.

లోపల కూలిన గదులు, ఎండిన బావి, తుప్పు పట్టిన ఫిరంగి. అందరూ నీడ చూసుకుని, తెచ్చుకున్న నీళ్ల బిందె దించి, జొన్నరొట్టెలూ పల్లి చట్నీ విప్పారు. "మంగళ బాపూ, తినరాదా," అని వత్సల రెండుసార్లు పిలిచింది. కాళ్లు తిమ్మిరెక్కాయని చెప్పి రామచందర్ ద్వారం దాకా నడిచాడు.

ఏనుగు పాదాలు తడిసి ఉన్నాయి.

అల కొట్టి ఉంటుందనుకున్నాడు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు. కూర్చోలేక మళ్లీ వెళ్లాడు. పాదాలు కనిపించలేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు, అదే అతణ్ని ఇంకా భయపెట్టింది. ఇక్కడ కురిసిన వానను కళ్లతో చూడొచ్చు. వాన లేకుండా నీళ్లు ఎక్కుతున్నాయంటే, కనిపించని చోట ఏదో తెగిందన్నమాట.

చెప్పాలా వద్దా? చెప్పి, ఏమీ కాకపోతే, ఇక మిషను జీవితాంతం కిర్రుమంటుంది. చెప్పకపోతే? కిందటిసారి చెప్పిన మాట గుర్తొచ్చింది. అప్పుడు పోయింది మిషను. ఇప్పుడు ఇక్కడ ఉన్నది మంగళ, వత్సల, అక్క, నాలుగు నెలల కొత్తల్లుడు. ఇక్కడ పక్కింటి మిద్దె లేదు. మూడోసారి వెళ్లి చూశాడు. నీళ్లు ఏనుగు పొట్ట కింద గలగలమంటున్నాయి. వచ్చేటప్పుడు దిగిన మెట్లు లేవు.

వెనక్కి వచ్చి అక్క ముందు నిలబడ్డాడు.

"అక్కా, లే. నీళ్లెక్కుతున్నయ్."

జనాబాయి రొట్టె ముక్క పక్కన పెట్టి, లేచి, ద్వారం దాకా వెళ్లి చూసింది. మెట్లు లేని చోటును చూసింది. ఏనుగును చూసింది. తర్వాత తమ్ముడి మొహం చూసింది.

"ఎటు పోదాం?" అంది.

మిషను మునిగిన వరద తర్వాత ఆమె అతణ్ని అడిగిన మొదటి ప్రశ్న అది.

"మీదికి," అన్నాడు రామచందర్. "బురుజు మీదికి. మూటలు అన్నీ తీస్కోండ్రి. ఏదీ ఇడవద్దు."

నాగనాథ్ లేచాడు. "మామా, గిది సముద్రం గదా. సముద్రమంటే గిట్లనే..."

"సముద్రమైతే ఏంది అల్లుడా, నీళ్లు గావా?"

"నీళ్లే మామా, గని..."

"మంచిది. నీళ్లెక్కుతున్నయా, లేవా?"

"ఎక్కుతున్నయి. గని మామా..."

మంగళ భర్త మోచేతిని గట్టిగా గిచ్చింది. "మా బాపుకు నీళ్ల సంగతి నువ్వు జెప్తవా? గోదారి ఒడ్డున పుట్టిండు," అంది గొంతు తగ్గించి. పెళ్లయిన ఏడాది లోపల మామ మాటకు ఎదురు చెప్పిన అల్లుడు ఆ రెండు కుటుంబాల్లో ఇంతవరకు లేడు. నాగనాథ్ నీళ్ల బిందె నెత్తిన పెట్టుకున్నాడు.

అంతలో కిందనుంచి పడవతను నిద్ర లేచి అరిచాడు: "చలా, చలా! పాణీ ఆలం!"

"ఇనుండ్రి," అన్నాడు రామచందర్, "ఆడే ఒర్రుతుండు నీళ్లచ్చినయని."

"పడవ ఎక్కుమంటుండు మామా," అన్నాడు నాగనాథ్ బిందె కిందనుంచి.

"వరదల పడవ ఎక్కుతరా ఎవలన్న? ఆనికి ఆని పడవ ఇల్లు చేర్చుకునే తొందర. మన పానాలు మనకు గావాలె."

ఇది నిజానికి గోదావరి మీద చాలామంది ప్రాణాలు కాపాడిన నియమం. దానిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

బురుజు మెట్లు సగం విరిగి ఉన్నాయి, నాచు పట్టి ఉన్నాయి. జనాబాయి మోకాలు వంగదు. రామచందర్ ఒక మెట్టు పైన నిలబడి భుజం ఇచ్చాడు. ఆమె ఒక చెయ్యి అతని భుజం మీద, ఒక చెయ్యి గోడ మీద వేసి ఎక్కింది. ఒకచోట రాయి ఊడి కిందికి దొర్లి, చాలాసేపటికి నీళ్లలో పడిన చప్పుడు వచ్చింది. అతని భుజం మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి.

పైన గాలి. చుట్టూ, కనుచూపు మేర, నీళ్లే. దిబ్బ ఇందాకటికి సగమైంది. పడవ మాత్రం ఎత్తుకు లేచి, తాడు మీద గుంజుకుంటూ, ద్వారానికి సరిగ్గా ఎదురుగా ఊగుతోంది. పడవతను చేతులు ఊపాడు. నెత్తి మీది గుడ్డ తీసి ఊపాడు. తర్వాత వాళ్ల వంశం గురించి కొన్ని మాటలు అన్నాడు, గాలికి అవి సగమే చేరాయి. ఆఖరికి నుదురు కొట్టుకుని కూర్చున్నాడు.

"పాపం, ఆడు గుడ ఆశ ఇడిసిండు," అంది వత్సల. చీర చెంగున రూపాయి బిళ్ల ముడివేసి, "గోదారమ్మా, పిల్లలను ఒడ్డెక్కియ్యి," అని మొక్కింది. ఆ నీళ్లు గోదావరి అధికార పరిధిలోకి రావన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

రామచందర్ అంచున కూర్చుని కిందికే చూస్తున్నాడు. ఏనుగు దంతాలు మునిగాయి. వీపు మునిగింది. చెవులు మాత్రం మిగిలాయి. చెవులు మునిగితే తర్వాత ఎక్కడికి పోవాలో అతనికి తెలియదు. బురుజుకు పైన ఇంకేమీ లేదు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. జనాబాయి అతని పక్కనే కూర్చుని, ఏనుగును కాదు, అతణ్నే చూస్తోంది.

చెవులు మునగలేదు. నీళ్లు అక్కడే నిలిచి, ఏం చేద్దామా అన్నట్టు ఆలోచించాయి. తర్వాత వీపు బయటపడింది.

"తీస్తున్నయి," అన్నాడు రామచందర్.

"తీస్తున్నయా తమ్మీ? మంచిగ సూడు."

"తీస్తున్నయక్కా. దంతాలు కనవడ్తున్నయి."

జనాబాయి మూట విప్పి, రెండు రొట్టెల మధ్య చట్నీ పెట్టి అతని చేతికిచ్చింది. "పొద్దుగాల్నుంచి ఏం తినలే. తిను," అంది. కొంచెం ఆగి, "ఈసారి మంచి పని జేసినవ్. లేకుంటే అందరం పోదుము," అంది.

రామచందర్ తిన్నాడు. ఇంకోటి అడిగి తిన్నాడు.

నాగనాథ్ ఇప్పుడైనా దిగుదామన్నాడు. తొందరపడొద్దన్నాడు రామచందర్, వరద ఒకసారి తీసినట్టు తీసి మళ్లీ కొడుతుంది, ఏనుగు పాదాలు పూర్తిగా ఎండాలి. ఎండేదాకా కూర్చున్నారు. అందరూ క్షేమంగా, మూటలన్నిటితో, బిందెతో సహా కిందికి దిగేసరికి మెట్లకు అవతల నీళ్లు లేవు. నల్లటి బురద చాలా దూరం పరుచుకుని ఉంది. పడవ దాని మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. పడవతను దాని నీడలో గొంతుక్కూర్చుని పొగాకు నలుపుకుంటున్నాడు.

రామచందర్ దగ్గరికి వెళ్లి, పడవ దక్కింది, అదే పదివేలు అని మరాఠీలో ఓదార్చాడు. పడవతను అతణ్ని కిందనుంచి పైకి చూసి, నాగనాథ్ వైపు తిరిగాడు.

"మీ మామది ఏ ఊరు?"

"నాందేడు."

"అక్కడ సముద్రం లేదా?"

"లేదు."

పడవతను తలూపాడు. పొగాకు నోట్లో వేసుకుని, ఇక నీళ్లు మళ్లీ వచ్చేదాకా ఇక్కడే కూర్చోవాలని చెప్పాడు.

"మళ్ల అస్తదట్నా?" జనాబాయి తమ్ముణ్ని అడిగింది, భయంగా.

"రానియ్యక్కా," అన్నాడు రామచందర్. "నేనున్న గదా."

నాగనాథ్ నోరు తెరిచాడు. మంగళ చూసింది. నోరు మూసుకుని బిందె దించాడు. జనాబాయి తమ్ముడి పక్కన రాతి మీద చోటు చేసుకుని కూర్చుంది, ఇద్దరూ కలిసి నీళ్లు పోయిన వైపు చూస్తూ ఉండిపోయారు.

ఆ ఒడ్డున సముద్రం రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది.