హాలు నిండిన ఆదివారం

ఎవరూ అడగకపోయినా సొంత ఖర్చుతో, అందరికీ ఉప్మా పెట్టించి మరీ, ఒక స్టడీ సెంటర్‌ను మూయించబోయిన ఘనుణ్ణి నేను. నవ్వండి, పర్లేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో నేను బోధన్‌లో దూరవిద్య స్టడీ సెంటర్‌కు కొత్త కోఆర్డినేటర్‌ని. పేరు వినడానికి పెద్దదే. నా కింద ఉన్నది మాత్రం అటెండర్ రహీం భాయ్ ఒక్కడే, ఆయన కూడా నా మాట వినేవాడు కాదు. ప్రతి ఆదివారం డిగ్రీ వాళ్లకు క్లాసులుండేవి. ఉండేవి అంటే, నేనుండేవాణ్ణి. విద్యార్థులు ఉండేవారు కాదు.

అట్లాంటి సమయంలో వసుంధర మేడమ్ తనిఖీకి వస్తున్నారని హైదరాబాద్ నుంచి కబురు. మేడమంటే ఎవరనుకున్నారు? దూరవిద్య అంటే పోస్టులో పుస్తకాల కట్ట పంపి చేతులు దులుపుకోవడమే అనుకునే రోజుల్లో, ఆ కట్టలు విప్పకుండా అటకల మీద పడి ఉన్నాయని ఊరూరా తిరిగి కళ్లారా చూసి, పాఠాలన్నీ మనుషులు మాట్లాడే భాషలో తిరగరాయించిన మనిషి. ఆ పాఠాలను రేడియోలో చెప్పించారు, క్యాసెట్లలో చెప్పించారు, చివరికి ఫోన్లలోకి ఎక్కించారు; కొన్ని తానే చెప్పి, కోఆర్డినేటర్లం మా చేత కూడా తలా ఒకటి చెప్పించారు. మా సెంటర్‌ను పోరాడి తెరిపించింది కూడా ఆమే. ఇంకొన్నాళ్లలో రిటైరవుతున్నారు, ఏ సెంటర్ ఉంచాలో ఏది మూయాలో తేల్చి మరీ పోతారట. మాది మూసేస్తే మా వాళ్లు ప్రతి పనికీ, పరీక్షలకు కూడా, నిజామాబాద్ పరుగెత్తాలి. సగం మంది చదువే మానేస్తారు. నాకు భయం పట్టుకుంది.

"రహీం భాయ్, హాల్ ఖాళీగ కనవడితె మన పని ఖతం," అన్నాను.

"ఫికర్ మత్ కరో సార్, నింపుదాం. మా బామ్మర్ది సలీంకు చాయ్ హోటల్ ఉన్నది. ఆడ పనిలేక కూసున్నోళ్లందర్ని తోల్కొస్తడు."

"నేను మా పెద్దమ్మను తెస్త. ఆమె ఎంబడి వాడకట్టంత వస్తది."

ఆ క్షణంలో నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే గోడకు తల బాదుకోవాలనిపిస్తుంది.

ఆదివారం పొద్దున్నే ఉప్మా ప్లేట్లతో హాలు పెళ్లివారి విడిదిలా తయారైంది. మొదటి వరసలో పెద్దమ్మ, పట్టుచీర కట్టుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చుంది. పుస్తకం తలకిందులుగా పట్టుకుందని చెబుతానేమో అనుకుంటున్నారు కదా? లేదు, సరిగ్గానే పట్టుకుంది. కాకపోతే అది వాళ్లింటి గ్యాస్ పుస్తకం.

మేడమ్ వచ్చారు. కళ్లద్దాల పైనుంచి హాలంతా ఒకసారి చూసి, తిన్నగా పెద్దమ్మ దగ్గరికే పోయారు.

"ఏం చదువుతున్నరమ్మా?"

"బిఏ బిడ్డా."

"ఏమేం సబ్జెక్టులు?"

"అన్ని. సదువుడు మొదలువెట్టినంక ఒక్కటెందుకు ఇడిసిపెట్టాలె?"

మేడమ్ పెదవులు బిగబట్టారు. "క్లాసులకు వస్తుంటరా?"

"పతి ఐతారం అత్త. పొద్దుగాల అచ్చి కూసుంటె పొద్దుగూకినంకనే లేస్త. మా శీనుగాడు మంచిగ సెప్తడు. అదే, మా సారు!"

వెనక బెంచీ నుంచి సలీం లేచాడు. "హమ్ భీ మేడమ్! హర్ ఇత్వార్! ఒక్కసారి గూడ నాగా లేదు!"

నేను కాలరు సర్దుకున్నాను. మేడమ్ పెన్నుకు మూత పెట్టారు.

"చాలా సంతోషం శ్రీనివాస్. అయితే ఈ సెంటర్ మూసేద్దాం."

"మేడమ్!"

"మరి? ఐతారం ఐతారం పొద్దంతా కూర్చునే తీరిక ఇంతమందికి ఉన్నదంటే, వీళ్లకు దూరవిద్య ఎందుకయ్యా? కాలేజీల చేరి రోజూ పోతరు. రాలేనోళ్ల కోసం పెట్టిన సెంటర్ ఇది. అందరూ రాగలిగితే దీంతో ఏం పని?"

దూరవిద్య సెంటర్‌కు హాలు నిండటమే చేటు అని నా మట్టిబుర్రకు తట్టనే లేదు.

"మేడమ్, వీళ్లు మా పెద్దమ్మోళ్లు. అసలు స్టూడెంట్లు ఒక్కరు గూడ రారు," అని కక్కేశాను. ఏడుపొక్కటే తక్కువ.

"ఎందుకు రారు? ఎవరికన్న ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు."

ఫైనలియర్ గంగామణికి చేశాను. చెరుకు సాగు ఆమెది. ఎత్తగానే అరిచింది.

"ఏంది సార్, గిప్పుడు జేస్తున్నరు? సెరుకు కొట్టుమని ఫ్యాక్టరీకెల్లి మాకియ్యాల్నే కటింగ్ ఆర్డర్ అచ్చింది. సేన్ల లారీ నిలవడ్డది, కూలోళ్లు ఆగుతరా?"

"అది గాదు గంగామణీ, క్లాసుకు..."

"క్లాసుకు నేనెప్పుడన్న అచ్చిన్నా? పాఠాలు ఫోన్ల ఇంటున్న గద. సెవులల్ల వెట్టుకోని సెరుకు కొట్టుకుంటనే ఇంట. మూడోది వసుంధర మేడమ్ సెప్పింది, మస్తు సమజైంది. నాలుగోది మీరు సెప్పిండ్రు సూడుండ్రి, గది మల్ల సెప్పాలె సార్. ఇంటుంటె నిద్రస్తున్నది. శేతిల కత్తి ఉంటది నాకు!"

హాలు గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది మేడమే. నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఆ తుడుచుకోవడం మటుకు నవ్వు ఆగాక కూడా కాసేపు సాగింది.

"నేను ఊర్లు పట్టుకుని తిరిగింది ఈ పిల్ల కోసమేనయ్యా," అన్నారు. "సెంటర్ ఉంటది. హాజరు సున్నా, చదువు భేష్ అని రాస్త. నాలుగో పాఠం మాత్రం నువ్వు మళ్లీ చెప్పు."

బతికిపోయాననుకునేలోగా పెద్దమ్మ లేచింది. "గదంత సరే. మరి నా బిఏ సంగతేంది?"

మేడమ్ ఆమె పక్కన కూర్చుని, ఏడో తరగతిలో చదువు ఆగిందని కనుక్కుని, ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి దగ్గరుండి పేరు రాయించారు. పెద్దమ్మ నిజంగానే విద్యార్థి అయింది. అయిన నాటి నుంచి ఒక్క ఆదివారం సెంటర్ మొహం చూస్తే ఒట్టు. అడిగితే, "వడ్లు ఆరవోసిన, నాకు తీరికేడిది? ఫోన్ల పంపు," అంటుంది.

కాబట్టి పాఠక మహాశయులారా, మా చెరుకు చేన్లకు పారే కాలువ నీళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ హాలు నింపను. ఏ ఆదివారమైనా నలుగురు విద్యార్థులు కలిసి గుమ్మంలో కనిపిస్తే, నమస్కారం కన్నా ముందే అడుగుతాను, "ఏమైంది? అందరు మంచిగనే ఉన్నరు గద?" అని.