శివపార్వతి ఓటు

శివపార్వతి తెనాలి నుంచి షెఫీల్డ్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. వారమంతా పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఆదివారాలు మాత్రం ఊరి చివర గ్రౌండులో, మోకాళ్ళు లాగే చలిలో, యాన్విల్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పక్కన నిలబడి ఉంటుంది. యాన్విల్ అంటే కమ్మరి దాగలి. ఉక్కు ఊరు కదా, ఆ పేరు పెట్టుకున్నారు. మొదట్లో కొన్నేళ్ళు ఆటగాళ్ళకు జీతాలిచ్చి నడిపిన క్లబ్బు. ఇప్పుడు అంత స్తోమతు లేదు. ఆడేవాళ్ళంతా ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ వచ్చేవాళ్ళే.

ఆమె అక్కడికి చేరడం కూడా అనుకోకుండా జరిగింది. క్లబ్బు ఛైర్మన్ ట్రెవర్ నడుం నొప్పితో ఆసుపత్రికి వచ్చి, వైద్యం అయ్యాక, "ఒక్క ఆదివారం వచ్చి మా పిల్లల్ని చూడండి" అని బతిమాలాడు. ఒక్క ఆదివారమని వెళ్ళిన మనిషి అక్కడే ఉండిపోయింది. దెబ్బ తగిలినవాడికి ఐసు పెట్టడం, వేళ్ళకు టేపు చుట్టడం, వద్దన్నా మళ్ళీ ఆటలోకి ఉరికేవాణ్ణి జబ్బ పట్టుకుని కూర్చోబెట్టడం ఆమె పని. ఆ పనిలో ఆమెకు ఎదురులేదు. ఆట మాత్రం ముక్క అర్థం కాలేదు.

క్వార్టర్‌బ్యాక్ అంటే ఎవరో తెలుసు. ప్రతిసారీ బంతి ముందుగా అందుకునేవాడు, ఎవరి చేతికివ్వాలో, ఎంత దూరం విసరాలో కళ్ళు మూసి తెరిచేలోగా తేల్చుకోవాల్సినవాడు. అంతవరకు సరే. ఆ తర్వాత ఇరవైమంది ఒకరి మీద ఒకరు పడి కుప్పయ్యాక ఎవరు గెలిచారో, ఎందుకు ఈల వేశారో ఆమెకు అంతుపట్టేది కాదు. ఇంటర్‌సెప్షన్ అన్న మాట విన్నప్పుడల్లా ఏదో తెలివైన పని అయ్యుంటుందని చాలాకాలం చప్పట్లు కొట్టింది. మనవాడు విసిరిన బంతిని అవతలివాళ్ళు మధ్యలో కొట్టేయడమే ఇంటర్‌సెప్షన్ అని ఆలస్యంగా తెలిసింది. అప్పటికే ఆమెది విశాల హృదయమని క్లబ్బులో పేరొచ్చేసింది.

అలాంటి శివపార్వతిని క్లబ్బు నలభయ్యో ఏడు పండక్కి జడ్జిని చేశారు. ఇన్నేళ్ళలో జట్టుకు ఆడిన క్వార్టర్‌బ్యాక్‌లందరినీ వరస పెట్టి, ఎవరు ఎన్నో స్థానమో విందులో చదవాలట. జడ్జీలు ముగ్గురు: ట్రెవర్, పాత ఆటగాడు పాల్, శివపార్వతి. కింది స్థానాలు ఇట్టే తేలిపోయాయి, ఆమె అన్నిటికీ తలూపింది. మొదటి స్థానం దగ్గర బండి ఆగింది.

ట్రెవర్ కీత్ అన్నాడు. జీతాలిచ్చిన రోజుల్లో రెండు కప్పులు తెచ్చినవాడు. పాల్ ఫయాజ్ అన్నాడు. పదేళ్ళ కిందట ఆడినవాడు, క్లబ్బులో అన్ని మ్యాచ్‌లు గెలిపించినవాడు ఇంకొకడు లేడు. కానీ కప్పు ఒక్కటీ లేదు.

"ఫైనల్లో చేతులెత్తేశాడు," అన్నాడు ట్రెవర్. "మూడు ఇంటర్‌సెప్షన్లు. పెద్ద మ్యాచ్ అనేసరికి భయపడ్డాడు."

శివపార్వతి నోటిదాకా మాట వచ్చింది. మింగేసింది.

ఆ ఫైనల్‌కు ముందు వారం ఫయాజ్ కుడి భుజంలో కండను ఎముకకు పట్టి ఉంచే నరం సగం తెగింది. చూసింది ఆమే. ఆడొద్దని చెప్పింది కూడా ఆమే. "ఎవలకు చెప్పకున్రి ఆంటీ, మీకు దండం పెడ్త," అన్నాడతను. రోగి గుట్టు బయట పెట్టకూడదు. అది ఆమె వృత్తి ధర్మం. చెప్పలేదు. ఆ రోజు భుజానికి గట్టిగా కట్టు కట్టి పంపింది. జట్టు ఓడింది. భయపడ్డాడని ఊరంతా అన్నారు. ఆమె విని ఊరుకుంది.

"నీ ఓటుతో తేలిపోతుంది," అన్నాడు ట్రెవర్ ఆమెతో. "వచ్చే వారం చెప్పు."

ఇంటికొచ్చి కూతురు స్రవంతితో మొర పెట్టుకుంది. "నాకు తెలిసింది చెప్పకూడదు. చెప్పగలిగిందేమో నాకు తెలియదు. ఎవరికెయ్యనే ఓటు?"

స్రవంతి ఫోను లోంచి తలెత్తలేదు. "ఇట్స్ నాట్ దట్ డీప్, అమ్మా. జస్ట్ పిక్ వన్."

ఎంచడానికి పాల్ ఇచ్చిన పాత వీడియో పెట్టి చూసింది. బొమ్మలో రెండు జట్లూ బూడిదరంగులోనే ఉన్నాయి. కీత్ అనుకుని ఒకణ్ణి సగం సేపు మెచ్చుకున్నాక వాడు అవతలి జట్టువాడని తేలింది. టీవీ కట్టేసి, ఫయాజ్‌నే అనుమతి అడిగితే పోలా అనుకుంది. అతను ఒప్పుకుంటే భుజం సంగతి చెప్పేయవచ్చు, న్యాయం జరుగుతుంది.

ఫయాజ్ ఇప్పుడు ట్రామ్ డ్రైవరు. నిజామాబాద్‌లో బడి చదువు మధ్యలో ఆపి అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చినవాడు. ఇంట్లో ఉర్దూ అయినా శివపార్వతి కనిపిస్తే తెలుగే. శనివారం డ్యూటీ మధ్యలో ట్రామ్ స్టాపు పక్క కాఫీ షాపులో కలిశాడు. ఆమె సంగతంతా చెప్పింది.

అతను నవ్వాడు. "ఆ దినం నాకు నొప్పే లేకుండె ఆంటీ."

"అదేంటయ్యా? నరం తెగిన భుజం అది."

"తెగితే తెగింది. మీరు కట్టిన కట్టుకు చెయ్యి నాదేనా అన్నట్టు ఉండె. మంచిగనే ఇసిరిన. ఆడ నిలబడ్డ అవతలి జట్టోన్ని నేనే సూడలే. గంతే."

"మూడుసార్లూనా?"

"మూడుసార్లు." కప్పు పక్కకు జరిపాడు. "భుజం అని చెప్పకున్రి. కీత్‌కు ఇయ్యిన్రి ఓటు. ఆయన కప్పులు తెచ్చిండు కద."

శివపార్వతి అతని మొహంలోకి చూసింది. నిజమే చెబుతున్నాడా, తన మీద ఎవరూ జాలి పడకూడదని చెబుతున్నాడా? పదేళ్ళు ఈ ఒక్క సంగతి తనకు తెలుసనుకుంది. ఆటలో ఏమీ తెలియకపోయినా ఇదొక్కటి తెలుసనే ధైర్యం ఉండేది. అదీ పోయింది.

సరే, కీత్‌ను కూడా ఒకసారి చూద్దామని మర్నాడు వెళ్ళింది. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, ఊరి కౌన్సిల్ అద్దెకిచ్చిన నేల చెక్కలో ఉల్లికాడలు పెంచుకుంటున్నాడు. చేతుల మట్టి దులుపుకుంటూ విన్నాడు.

"ఫయాజే," అన్నాడు. "ఇందులో ఆలోచించేదేముంది? మా రోజుల్లో అవతలి జట్లలో సగంమంది టీవీ చూసి ఆట నేర్చుకున్నవాళ్ళు. వాళ్ళ మీద గెలవడం పెద్ద గొప్పా? ఆ కుర్రాడు విసిరినట్టు నేను కలలో కూడా విసరలేదు."

"అతనేమో మీకు వెయ్యమంటున్నాడు."

"మర్యాదకు అంటాడు. నువ్వు నమ్ముతావా?"

నమ్మాలో వద్దో ఆమెకు తెలియలేదు. కీత్ అన్నది మాత్రం మర్యాదకు కాదని ఎలా అనుకోవాలి? ఆయన ఇచ్చిన ఉల్లికాడల కట్ట పట్టుకుని బస్సులో కూర్చుంటే, ఇద్దరూ కూడబలుక్కుని తనను ఆట పట్టిస్తున్నారేమో అనిపించింది.

వారం తిరిగేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. ఫయాజే వద్దన్నాడు కాబట్టి కీత్. కప్పులున్నాయి, కంటికి కనిపిస్తాయి, ఎవరూ వేలెత్తి చూపరు. క్లబ్బు గదిలో ట్రెవర్ అడిగాడు. శివపార్వతి నోరు తెరిచింది.

"ఫయాజ్," అంది.

తన గొంతేనా అని తనే ఉలిక్కిపడింది. పాల్ బల్ల మీద చరిచాడు. ట్రెవర్ కళ్ళజోడు తీసి, "ఎందుకని?" అన్నాడు.

"తెలియదు."

"ఏదో ఒకటి చెప్పు. విందులో చదవాలి."

"నిజంగా తెలియదు ట్రెవర్. అసలు నాకీ ఆటే అర్థం కాదు."

"అది అందరికీ తెలుసు," అన్నాడు ట్రెవర్ విసుగు లేకుండా. "మేమిద్దరం చెరో పక్షం పట్టుకున్నాం. ఏ పక్షమూ లేని మనిషి కావాలనే నిన్ను పిలిచాం." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఫయాజ్ పేరు ఒకటో స్థానంలో రాశాడు.

విందు ఆదివారం మధ్యాహ్నం. పేరు చదవగానే అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది కీత్. ఫయాజ్ వెళ్ళి జ్ఞాపిక అందుకుని, రెండు ముక్కలు మాట్లాడి, శివపార్వతి వైపు ఒక చూపు చూశాడు. సంతోషమో, చెప్పినా వినలేదన్న కోపమో ఆమెకు బోధపడలేదు.

కాసేపటికి అతని తల్లి రజియా బేగం వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. "మావోడు ఫస్టంట. దేంట్ల ఫస్టమ్మా? ఏం జేస్తడు వాడు ఆడ?"

శివపార్వతి తనకు వచ్చినంత చెప్పింది. బంతి అందుకుంటాడు, చుట్టూ చూస్తాడు, ఎవరికివ్వాలో తేల్చుకుని విసురుతాడు.

"అందరు మీద పడ్తరు గద, జల్ది ఇచ్చేస్తే ఏమాయె?"

"అదే నాకూ అర్థం కాదండీ."

రజియా బేగం నిట్టూర్చింది. "ఆ ఆకరి ఆట ఓడినంక రెండు నెలలు ఎడమచేత్తోటి చెంచ పట్టి తిన్నడు. వాళ్ళ నాయిన ఒకటే కోపం. కుడిచెయ్యి ఎత్తొస్తలేదని ఒక్క మాట అనలే నా బిడ్డ."

శివపార్వతి చేతిలోని ప్లేటు కింద పెట్టింది. ఆ నొప్పి ఆటలో ఉన్నదా, ఆట అయ్యాక మొదలైనదా? ఒళ్ళు వేడి మీద ఉన్నప్పుడు తెగిన నరం కూడా నొప్పి తెలియనివ్వదు. అలాంటివాళ్ళను ఎందరినో చూసింది. ఫయాజ్ చెప్పింది నిజమే కావచ్చు. కాకపోనూవచ్చు. అవతల ఫయాజ్ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. వెళ్ళి అడగాలని లేచి, అడగకుండానే కూర్చుంది.

"ఇప్పుడు చెయ్యి బాగుందా?" అంది.

"మంచిగుంది. బరువులు ఎత్తుతడు."

"అయితే సరే," అంది శివపార్వతి.

కొత్త సీజన్ మొదలయ్యాక ఆమెకు ఒక చిక్కు వచ్చి పడింది. జడ్జిగా చేసిన మనిషని కొత్త క్వార్టర్‌బ్యాక్ గురించి గ్రౌండు గట్టు మీద నిలబడ్డవాళ్ళంతా ఆమె అభిప్రాయం అడగసాగారు. టేపు చుట్టలు సర్దుకుంటూ, కుర్రాడి భుజం వైపు ఒకసారి చూసి, "ఇంకా చూడాలి," అనేది. వాళ్ళు నిజమేనన్నట్టు తలూపి వెళ్ళిపోయేవారు.