పెద్దనాయన నడిపిన కారు

ఆ రోజుల్లో మా ఊళ్లో కారు నడపడం వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రాకపోయినా సలహా ఇవ్వగలిగినవాళ్లు మాత్రం ఊరంతా ఉండేవారు. అసలు ఈ సంగతి మొదలుపెట్టాలంటేనే నాకు నీరసం వస్తుంది. పెళ్లిలోనో దినాల్లోనో నలుగురు చుట్టాలు చేరితే చాలు, ఎవరో ఒకరు "ఆ కారు ముచ్చట చెప్పుండ్రి" అంటారు, ఇంకెవరో అందుకొని చెప్పేస్తారు, అందరూ నవ్వుతారు, వాళ్లతో పాటు నేనూ నవ్వుతాను. వాళ్లు చెప్పేదాంట్లో ముఖ్యమైన ముక్క అబద్ధమని తెలిసినవాణ్ని, మా పెద్దనాయన పోయాక, చుట్టాల్లో నేనొక్కణ్నే. ఇన్నేళ్లు మోసి మోసి విసుగొచ్చింది. అందుకే ఈసారి జరిగింది జరిగినట్టు రాసి పడేద్దామని కూర్చున్నాను. చదివి నన్ను నాలుగు తిట్టుకుంటే తిట్టుకోండి, నాకూ కాస్త తేలికవుతుంది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ చేతికొచ్చి రెండేళ్లయింది, పని మాత్రం రాలేదు. (ఊళ్లో నన్ను 'ఖాళీ డిగ్రీ' అనేవాళ్లు. మొదట్లో బాధపడ్డాను, తర్వాత పిలిస్తే పలకడం మొదలుపెట్టాను.) నాకున్న ఒకే ఒక విద్య డ్రైవింగు. అదీ మా పెద్దనాయన పుణ్యమే. ఆయన కర్నూలు పోయి ఒక పాత తెల్ల డీజిల్ కారు కొనుక్కొచ్చాడు. ఆయనకు నడపడం రాదు, నేర్చుకుంటానంటే పెద్దమ్మ పడనివ్వదు. అందుకని రోజూ సాయంత్రం కారు కడిగి, స్టీరింగ్ ముందు కూర్చొని, ఇంజను వేయకుండానే అరగంట అటూ ఇటూ తిప్పి, దిగి, తలుపు మెల్లగా వేసి వచ్చేవాడు. దారిన పోయేవాళ్లు "ఎక్కడిదాంక పోయినవ్ పెద్దన్నా?" అంటే "గద్వాల దాంక" అనేవాడు. నిజంగా రోడ్డెక్కితే నడిపేది నేను.

గద్వాలలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసు ఉండేది. మా చేలో ఆడవాళ్లు పువ్వు పువ్వునూ చేత్తో క్రాసింగ్ చేసే విత్తన పత్తి వాళ్లకే వేసేవాళ్లం. ఆ చేలు చూడటానికి వచ్చే సారుకు డ్రైవరు కావలసివచ్చాడు. ఉన్న డ్రైవరు జీపును వాగులో దించి ఇంజను పాడుచేశాడని పంపించేశారు, ఆ ఖాళీయే ఇది. ఆ ఉద్యోగం కోసం నేను ఎంత ఆశపడ్డానంటే, వారం ముందు నుంచే పెద్దమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి "ఎక్కడికి పోదాం సార్" అని అడగడం అలవాటు చేసుకున్నాను. పెద్దనాయన ఎస్‌టీడీ బూత్ నుంచి సారుకు ఫోన్ చేసి గట్టిగా చెప్పాడు: "సారూ, మా పిలగాడు రేపు మా కారే నడుపుకుంట వస్తడు. మీరే సూడుండ్రి. డ్రైవర్ నౌకరికి వచ్చేటోడు బస్సుల వస్తే ఏం బాగుంటది?"

ఆ రాత్రి వాన దంచికొట్టింది. పొద్దున కారు బయల్దేరింది. స్టీరింగ్ ముందు నేను, పక్కన తలకు తెల్ల రుమాలు చుట్టుకొని పెద్దనాయన, ఆయన ఒళ్లో నా సర్టిఫికెట్ల ఫైలు. అయిజ దాటి కొంత దూరం పోయాక ఒక వాగు. దాని మీద వంతెన లేదు, అడుగున సిమెంటు పరిచిన దారే. ఆ రోజు సిమెంటూ కనబడలేదు, దారీ కనబడలేదు, ఎర్రటి నీళ్లు పోతున్నాయి. నేను కారు ఆపేసరికి మా ముందే ఒక ట్రాక్టరు తాపీగా నీళ్లలో దిగి అవతలి గట్టెక్కింది.

"ఆగురా. రెండు గంటలల్ల నీళ్లు దిగుతయ్. సారుకు ఎట్లన్న ఫోన్ జేసి చెప్దాం" అన్నాడు పెద్దనాయన.

"పదకొండుకు రమ్మన్నడు పెద్దనాయనా. మొదటిరోజే ఆలస్యమైతే ఏమనుకుంటడు? ట్రాక్టర్ పోయింది గద."

"అది ట్రాక్టర్ రా. దాని పొగ గొట్టం ఆకాశం దిక్కు సూస్తది. మనది నేల దిక్కు సూస్తది. వద్దు, నా మాటిను."

నేను వినలేదు. మా ఊరి ట్రాక్టరువాళ్ల దగ్గర నేర్చుకున్న శాస్త్రం నా తలలో ఉంది: ఫస్ట్ గేరులో రేసు తగ్గించకుండా పోతే పొగ గొట్టంలోకి నీళ్లు రావు. ఆ శాస్త్రం నిజమే. పొగ గొట్టంలోకి చుక్క రాలేదు. కానీ ఇంజనుకు పొగ వదిలే గొట్టమే కాక గాలి పీల్చే గొట్టం కూడా ఉంటుందని, కారులో అది ముందువైపు కిందుగా ఉంటుందని ఆ శాస్త్రంలో ఎవరూ చెప్పలేదు. సగం దూరం పోయేసరికి నీళ్లు బానెట్ మీదికి లేచాయి, తలుపుల కింద నుంచి లోపలికి వచ్చాయి, మా చెప్పులు తేలాయి. పెద్దనాయన కాళ్లు సీటు మీదికి లాక్కొని ఫైలును రుమాలు మీద పెట్టుకున్నాడు. ఇంజను ఒక్కసారి దగ్గింది. అంతే, ఆగిపోయింది. వాగు చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు.

గట్టెక్కిన ట్రాక్టరాయన మంచివాడు. ఏ ఊరివాడో మాకు తెలియదు, మేమెవరో ఆయనకు తెలియదు. వెనక్కి వచ్చి, మోకు కట్టి, మమ్మల్ని అవతలికి లాగాడు. నేను తాళం తిప్పాను. 'టక్' మని ఆగిపోయింది. మళ్లీ తిప్పాను, మళ్లీ టక్. అప్పటికే అక్కడ మాకు తెలియని పదిమంది చేరారు. మా దిక్కు ఏ ఇంజనైనా మొండికేస్తే ఒకటే మందు: గేరులో వేసి ట్రాక్టరుతో గుంజడం. దానికి మేస్త్రీ అక్కర్లేదు, మోకుంటే చాలు.

"సెకండ్ గేర్ల వెయ్యి తమ్మీ. నేను గుంజంగనే క్లచ్ ఇడువు. ఎందుకు కాదో సూస్త" అన్నాడు ట్రాక్టరాయన.

పెద్దనాయన నా భుజం పట్టుకున్నాడు. "ఒరే, లోపల ఏమైందో తెల్వదు. జర అయిజ నుంచి మేస్త్రీని పిల్సుకొద్దాం. గుంజుడు వద్దు."

"మేస్త్రీ వచ్చేసరికి పొద్దు గూకుతది. నౌకరి పోతది" అని కసురుకున్నాను. (అవును, కసురుకున్నాను. ఈ మాట ఎవరూ చెప్పరు, ఎవరికీ తెలియదు కాబట్టి.) ట్రాక్టరు కదిలింది. నేను క్లచ్ వదిలాను. బానెట్ కింద 'ఠాప్' మని ఒక చప్పుడు, కారు మొత్తం ఎగిరిపడింది. కిందికి వంగి చూస్తే నల్లటి ఆయిలు మట్టిలోకి కారుతోంది. చేరిన పదిమందిలో ఒక్కడూ మాట్లాడలేదు. మా దిక్కు పదిమంది ఒకేసారి మాట్లాడకపోవడం నేను మళ్లీ చూడలేదు.

(తర్వాత అయిజ మేస్త్రీ చాచా ఇంజను విప్పి తల కొట్టుకున్నాడు. "అరె బేటా, లోపల నీళ్లుంటె ఇంజన్ తిరుగుతదా? నీళ్లు గాలి లెక్క అణగవు. తిరగనిదాన్ని ట్రాక్టర్ తోని తిప్పిన్రు. రాడ్డు వంగి బ్లాక్ పగలగొట్టుకొని బయటికొచ్చింది సూడు. ఇడిసిపెట్టి ఉంటే నీళ్లు తీసి ఒక్క పూటల నడిపించెటోణ్ని." ఆ ఒక్క పూట అన్న మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.)

కారును అక్కడే వదిలి, అదే ట్రాక్టరెక్కి పెద్ద రోడ్డు దాకా పోయి, బస్సు పట్టుకొని గద్వాల చేరాం. నడుము దాకా బురద. దారి పొడుగునా నేను పెద్దనాయన మొహం చూడలేదు. ఆఫీసు మెట్ల దగ్గరే సారు ఎదురొచ్చి మా వెనక్కి చూశాడు.

"కారు ఏదీ?"

పోయిన డ్రైవరు గుర్తొచ్చాడు. రెండేళ్ల ఖాళీ గుర్తొచ్చింది. అయిపోయిందనుకున్నాను.

"వాగుల ఆగిపోయింది సారూ" అన్నాడు పెద్దనాయన. "నేనే దింపిన. పిలగాడు వద్దే వద్దన్నడు. నడపనని దిగి నిలవడ్డడు. నేనే మొండికేసి స్టీరింగ్ పట్టిన. గుంజుడు గూడ వద్దన్నడు, మేస్త్రీని పిలుద్దామన్నడు. నేనే ఇనలే. ముసలోని తిక్క."

సారు ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "పెద్దమనిషి చెప్పినా నీళ్లలో దింపనన్నావా? నాకు కావలసింది అలాంటివాడే. సోమవారం వచ్చేయి" అన్నాడు. నేను తల వంచుకొని నిలబడ్డాను. అది వినయం అనుకున్నాడు పాపం.

ఆ అబద్ధం ఊరు చేరడానికి ఎన్నాళ్లో పట్టలేదు. సారు మా ఊళ్లో చేలకు వచ్చిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి చెప్పాడు. ఊరంతా నమ్మింది. రోజూ స్టీరింగ్ తిప్పే మనిషి ఒకనాడు తెగించాడంటే ఎవరు నమ్మరు? "పెద్దన్నా, కారుకు ఈత ఎప్పుడు నేర్పినవ్?" అని ఒకడు, "వాన వస్తుంది, పెద్దన్నను ఇంట్ల కట్టేయుండ్రి" అని ఇంకొకడు. కారు మళ్లీ నడవలేదు. పెరట్లో నిలబడిపోయింది, వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టాయి. పెద్దమ్మ రోజుకొకసారి దాన్ని చూసి ఆయన్ను తిట్టేది. ఆయన బీడీ వెలిగించుకొని వినేవాడు. నేను కంపెనీ జీపులో ఠీవిగా వచ్చి, ఈ నవ్వులూ తిట్లూ విని, తలదించుకొని అన్నం తిని పోయేవాణ్ని. సిగ్గు లేదా అంటే ఉంది, కానీ నౌకరి అంతకంటే ఎక్కువ ఉంది.

రెండేళ్లు అలా గడిచాక ఒకరోజు ఇక ఓర్చుకోలేకపోయాను. సారు పొలంలోకి పోయాడు, జీపు దగ్గర మేమిద్దరమే ఉన్నాం. "పెద్దనాయనా, ఈ రోజే అందరికీ అసలు సంగతి చెప్పేస్త. నీ మీద నవ్వుతుంటే నాకు మంచిగ లేదు" అన్నాను.

ఆయన కంగారుపడ్డాడు. "ఏయ్, నోర్ముయ్. పరేషాన్ జేయకు. నీకు నౌకరి వచ్చింది. నాకు కారు నడపవస్తదని పేరొచ్చింది. అయిజ సంతల గూడ అంటున్నరు, వాగుకు ఎదురు పోయిండని. ఉన్న ఒక్క పేరు చెడగొడుతవా?" అని, అటూ ఇటూ చూసి, నా దగ్గరగా జరిగి మెల్లగా అడిగాడు: "గని, ఆ క్లచ్ అనేది ఏ కాలితోని తొక్కుతరురా? మొన్న ఒకడు అడిగిండు, జవాబు చెప్పలేక దగ్గొచ్చినట్టు చేసిన."

"ఎడమ కాలు పెద్దనాయనా" అన్నాను. ఆ పొద్దు ఆయన్ను జీపెక్కించి ఒక్కసారి తొక్కించి ఉండాల్సింది. సారు చూస్తే ఏమంటాడో అని భయపడ్డాను. ఇరవై అయిదేళ్లవాడు, దొరక్క దొరికిన నౌకరి, వాడికి అంతకంటే ఏం తోస్తుంది? వెర్రివాడు.