ఇంజనుకు పెట్టిన గంటు

ఒక మనిషి తన కొంపను తానే, ఆకురాయి పట్టుకుని, ఎంత ఓపిగ్గా కూల్చుకోగలడో తెలుసుకోవాలనుకునేవాళ్ళు కుర్చీ కాస్త దగ్గరికి లాక్కోండి. ఈ కథ ముగిసేలోగా ఒక ఇంజను చస్తుంది, ఒక పరువు పోతుంది. ఇంజను తర్వాత లేచింది. పరువు ఇంకా లేవలేదు.

తప్పంతా నాదేనని మాత్రం అనుకోవద్దు. బళ్ళు బాగుచేసే యోహాను మేస్త్రి తన షెడ్డులో అందరికీ మంచి గ్లాసులో టీ ఇచ్చి, నాకు మాత్రం అంచు విరిగిన గ్లాసులో ఇచ్చేవాడు. మొదటి రోజు నుంచీ అంతే. ఎందుకలా? మీరే ఆలోచించండి.

ఆ రోజుల్లో మా ఉరవకొండ పక్క వరుసగా వానలు ఎగ్గొట్టాయి. మేత లేక గొర్రెలు కంబళి కప్పిన కట్టెల్లా తయారయ్యాయి. గొర్రెకు మేత కావాలి, మోటారుకు అక్కర్లేదు కదా అని నేనొక గొప్ప లెక్క వేసి, నాయన ప్రాణంలా చూసుకునే మందను అమ్మించి, మిలిటరీవాళ్ళు వదిలేసిన పాత పికప్ వ్యాను కొన్నాను. శనక్కాయ మూటలు సంతకు తోలి బాగుపడదామని. వ్యాను మా ఊరికి దర్జాగా వచ్చింది. ముందు ఎద్దులు లాగుతుంటే.

ఆ రోజు నుంచి నాయన నాతో మాట మానేశాడు. ఏం చెప్పినా అమ్మ ద్వారానే.

"ఏమే, ఆ ఇనుము మేపేటోడు సంగటి తింటాడేమో అడుగు. ఆ బండి తనంతట తాను మన వాకిట్లోకి వచ్చిన పొద్దు వానితో మాట్లాడతానని చెప్పు."

మంద పోయింది, మాట పోయింది. మిగిలింది వ్యాను. అది కదలకపోతే నా గతి ఏమిటి? దాన్ని యోహాను మేస్త్రి షెడ్డుకు చేర్చాను. మనిషి తలుపంత వెడల్పు, గొంతు చర్చి గంట. ఇంజను మీద మడ్డి గీకి, వంగి వాసన చూసి, నా వైపు తిరిగాడు.

"ఏమప్పా ఓబులేసూ, ఈ బండి యాడిది?"

"అమెరికాది. అమ్మినోడు చెప్పినాడు."

"బండి అమెరికాదే. ఇంజను ఇంగ్లండుది."

"అదెట్లా?"

"ఎవుడో అసలుది పీక్కొని దీన్ని కూచోబెట్టినాడు. చూడు, దీని కాళ్ళు ఈ బోల్టుల కాడికి రాకుంటే కొత్తగా బొక్కలు పొడిచినారు. అయినా మంచి ఇంజనప్పా. ఇప్పి బిగిస్తే గుర్రం మాదిరి పోతాది."

మీకిది మంచి కబురులా వినిపించవచ్చు. నాకు వినిపించింది వేరు. ఒకసారి మారిన ఇంజను రెండోసారి మారదని ఏమిటి నమ్మకం? పైగా మంచి ఇంజనని మెచ్చుకున్నాడు. కన్ను పడకుండా ఎవడైనా మెచ్చుకుంటాడా? షెడ్డు మూల ఇంకో ఇంజను ఉంది, దాని మీద గోనెపట్టా. చలికి కప్పాడా? మా సీమ ఎండల్లో?

"అన్నా, ఆ గోనెపట్టా కింద ఎవురిది?"

"బళ్ళారి కంట్రాక్టరుది. ఏం, పెండ్లి సంబంధం చూస్తాండావా?"

మాట తప్పించాడు, గమనించారా? ఆ రోజు నుంచి నేను షెడ్డు ముందు రాతి మీద పాతుకుపోయాను.

అతను ఇంజను మొత్తం విప్పాడు. అందులో తలకిందుల పుట్టగొడుగుల్లాంటి ఇనప ముక్కలున్నాయి. వాటిని వాల్వులంటారట. ఒక్కొక్కదాని అంచును దాని గూట్లోనే పెట్టి అరగదీసి, తుడిచి, నూనె పూసి, బెజ్జాల పలక మీద వరసగా నిలబెట్టాడు.

"చూడు ఓబులేసూ, ఇంగ ఈ అంచు కాడ గాలి కూడా దూరదు. ఇంజను ప్రాణమంతా ఈడనే ఉండాది."

ప్రాణమంతా ఇక్కడే ఉందంటే, దొంగిలించాల్సింది కూడా ఇదేనన్నమాట!

మర్నాడు ఆదివారం. "చర్చికి పోయొస్తా, షెడ్డు చూసుకో. నిన్ను మించిన కుక్క నాకు యాడా దొరకదు" అని వెళ్ళిపోయాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోను కూడా.

అప్పుడు వెలిగింది నా బుర్ర. ఎన్ని మందలు కలిసిపోయినా మా గొర్రెను మేము ఇట్టే పట్టుకుంటాం. ఎడమ చెవి అంచున తాతల నాటి నుంచి మా ఇంటి గంటు ఉంటుంది, చిన్న కోత. మరి ఇంజనుకు ఎందుకుండకూడదు? ఆకురాయి తీసి ఇంజను దిమ్మె మీద గీశాను. జారింది. జారదా మరి, గొర్రెకు మాత్రం వీపు మీద గంటు పెడతామా? పల్చటి అంచు కావాలి. పలక మీద వాల్వులు మెరుస్తున్నాయి. గుండ్రంగా, పల్చగా, అచ్చం చెవులే!

చెమటలు కక్కుతూ ఒక్కదాన్నీ వదలకుండా గంటు పెట్టాను. దొంగకు కనపడకుండా గంట్లలో మసి కలిపిన గ్రీజు నింపాను. మళ్ళీ అదే వరసలో నిలబెట్టాను. ఇంత పకడ్బందీగా నేను జన్మలో ఏ పనీ చేయలేదు.

తన చేత్తో అరగదీసినవే కదా అని మేస్త్రి మళ్ళీ చూడకుండా బిగించేశాడు. స్టార్టు చేసే రోజు నాయన కూడా కంబళి భుజాన వేసుకుని వచ్చి, దూరంగా నిలబడ్డాడు. మేస్త్రి హ్యాండిలు పెట్టి తిప్పాడు. బిగువుగా తిరగాల్సిన హ్యాండిలు ఎండిన బావి మీద గిలకలా గిర్రున తిరిగింది. లోపల్నుంచి 'ఉస్' మంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఉస్.

నాయన వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు. నేను మేస్త్రి ముందుకు దూకాను.

"మార్చినావు! నా ఇంజను మార్చినావు!"

"ఏమి? ఇంగొకసారి అను!"

జనం మూగారు. పక్కన టీ అంగడి సుంకన్న మధ్యలోకి వచ్చాడు. "ఊరికే అంటే ఎట్లప్పా? సాక్ష్యముండాదా?"

"లోపలే ఉండాది! నా ఇంజనుకు ఎడమ చెవి గంటు పెట్టినా. ఇప్పమను!"

"ఇంజనుకు చెవి యాడిదప్పా?"

"ఇప్పితే కనపడతాది!"

మేస్త్రి పళ్ళు కొరుక్కుంటూ మూత విప్పాడు. ఒక వాల్వు తీసి బొటనవేలితో అంచు తుడిచాడు. ఆగిపోయాడు. ఇంకొకటి తీశాడు. ఒక్కొక్కటే తీసి అన్నిటి అంచులూ తుడిచాడు.

"ఇదేనా నీ గంటు?"

"ఇదే!" గెలిచినవాడిలా జనం వైపు చూశాను.

"అన్నిటికీ ఉండాది. అంటే ఇంజను నీదే?"

"నాదే!"

"మారలేదు?"

నా చూపు గోనెపట్టా వైపు పోయింది.

"గాలి దూరకుండా దినమంతా నేను అరగదీసి మూస్తే, నువ్వు ఒగొగదానికీ దోవ తీసి పెట్టినావు కదప్పా!"

నాయన తిరిగొచ్చాడు. వాల్వును గొర్రె చెవిలా వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "మన మందదే" అన్నాడు జనంతో. తర్వాత, మంద అమ్మిన రోజు నుంచి మొదటిసారి, నా ముఖం చూసి మాట్లాడాడు.

"రేయ్, గొర్రె చెవి అయితే నాలుగు దినాల్లో మానుతాది. దీనికి మానదురా!"

అని, షెడ్డు గుంజ పట్టుకుని, కంబళి జారిపోయేదాకా నవ్వాడు. బండి వాకిట్లోకి రాకముందే ఆయన పంతం సడలిపోయింది.

బళ్ళారి నుంచి వేరే వాల్వులు వచ్చాక వ్యాను నిజంగానే గుర్రంలా పరిగెత్తింది. ఆ రోజు మేస్త్రి అందరికీ టీ పోశాడు. నాకు మళ్ళీ అంచు విరిగిన గ్లాసే.

"ఇదేందన్నా, ఈ పొద్దు కూడా?"

"తాగప్పా. నీ గ్లాసుకు గంటుండాది. ఎవురూ మార్చరు."

అందుకే ఆ విరిగిన గ్లాసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అరిచే నోరూ, మానే చెవీ లేని దేనికీ ఈ జన్మలో గంటు పెట్టను. ఆ గోనెపట్టా కింద ఉన్నది బళ్ళారి కంట్రాక్టరుదేనంటే మాత్రం ఇప్పటికీ నమ్మను.